నెలనెలా కరెంటు

జెర్సీ సిటీ
జనవరి 2013

ఉమా,

ఫోన్ క్షేమసమాచారాలకి, ఉత్తరం మాట్లాడుకోవడానికి అని నువ్వు టెక్సస్ వెళ్ళిపోయిన ఏడాదే మనం పంచుకున్నాం కదా. ఇది మాట్లాడుకోవలసిన సంగతి. అందుకే మొన్న ఆదివారం ఫోన్‌లో నోరు బిగపట్టుకుని కూర్చున్నాను.

ఇల్లు అమ్మేస్తున్నాను. దీపావళికి వచ్చినప్పుడు, మీ ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఇటుక ఇల్లు చూపించావే, వంటింట్లో గ్యాస్ స్టవ్ ఉన్నది, అది ఇక నాదే. కాగితాలు నడుస్తున్నాయి. మే నెలలో వచ్చేస్తాను. మా ఆయన శ్యామ్‌సుందర్ పోయాక ఈ నాలుగేళ్ళలో నేను ఈ ఇంట్లో మెట్లెక్కడం, దిగడం తప్ప చేసిందేమీ లేదు. మృదుల బోస్టన్ రమ్మంటోంది. బేస్‌మెంట్‌లో నాకు గది కట్టిస్తుందట. బంగారంలాంటి పిల్ల, కాదనను. కానీ ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబ్‌లో కిటికీ లేని గదిలోనే చేశాను. రిటైరయ్యాక కూడా నేలకిందేనా? నా కూతురికి నేను కావాలి గానీ నా కబుర్లు అక్కర్లేదు. అవి వినేదానివి నువ్వొక్కదానివే మిగిలావు.

ఇప్పుడు నాకో చిక్కొచ్చి పడింది. ఇల్లు కొనిపెడుతున్న ఏజెంట్ జయంతి ఫోన్ చేసి, "ఆంటీ, ఎలక్ట్రిసిటీ ప్రొవైడర్‌ని పిక్ చేశారా? టెక్సస్‌లో మీరే సెలెక్ట్ చేసుకోవాలి. ముందే సెట్ చేయకపోతే మూవ్ అయిన రోజు లైట్లుండవు" అంది. కరెంటుని సెలెక్ట్ చేసుకోవడం ఏమిటే? ఇక్కడా మెడలో బ్యాడ్జీ వేసుకుని కుర్రాళ్ళు తలుపు కొడుతున్నారు, మా కంపెనీకి మారండి అని. మంచినీళ్ళిచ్చి పంపేస్తున్నాను. అక్కడ అలా కుదరదట. జయంతి పంపిన వెబ్‌సైట్ తెరిస్తే పెళ్ళిళ్ళ పేరయ్య సంచీలో సంబంధాల్లా ఒకదాని కింద ఒకటి వచ్చి పడ్డాయి. అన్నీ మంచివే, అన్నిటికీ కింద చిన్న అక్షరాలు.

నువ్వే చూసిపెట్టు. ఎన్ని ఎక్కువ ఏళ్ళకి దొరికితే అన్నేళ్ళది చూడు. ఇక నేను ఎక్కడికీ కదలను.

పొయ్యి దగ్గర నీ తెలివి మీద నాకు నమ్మకం లేదనుకో. ఈ ఇల్లు మేము కొనుక్కోకముందు, మీరు పైన, మేము కింద అద్దెకున్న రోజుల్లో, మీ స్టవ్ పాడై నా వంటింట్లోనే వండుకునేదానివి. బర్నర్లు అంటుకోవడానికి స్టవ్ లోపల పైలట్ మంట పగలూ రాత్రీ వెలుగుతుందని ఎంత చెప్పినా వినకుండా, వృథాగా కాలిపోతోందని పడుకునే ముందు వచ్చి ఉఫ్ అని ఊదేసేదానివి. ఇల్లంతా గ్యాస్ వాసన. ఇంటి ఓనరు ఆంటొనీ బనీనుతో పరుగెత్తుకొచ్చి కిటికీలు తెరవడం, నువ్వు నా వెనక దాక్కోవడం! ఆ స్టవ్ ఇంకా ఉంది. ఆ మంట ఇంకా వెలుగుతోంది.

అన్నయ్యగారికి నమస్కారాలు.

నీ దుర్గ

———

కాపెల్
ఫిబ్రవరి 2013

ప్రియమైన దుర్గకి,

నీ ఉత్తరం మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడి చదివాను. చదివాక కాసేపు లోపలికి రాలేకపోయాను. నిజంగానే వస్తున్నావా? దీపావళికి ఆ ఇల్లు ఊరికే చూపించాను. నువ్వు కొనేస్తావని కలలో కూడా అనుకోలేదు.

సరే, కరెంటు. తీగలు, స్తంభాలు అందరికీ ఒకే కంపెనీవి. అవి నువ్వు మార్చలేవు. ఆ తీగల్లో వచ్చే కరెంటుని ఎవరి పేరు మీద కొంటావన్నదే నీ ఇష్టం. ఎవరి దగ్గర కొన్నా అదే కరెంటు, అదే బల్బు. నాకిది అర్థం కావడానికి మా ఆయన డైనింగ్ టేబుల్ మీద దారాలు పరిచి చూపించారు. అది చాలా ఏళ్ళ కిందటి మాట. గ్యాస్‌కి మాత్రం ఒకటే కంపెనీ. ఎంచుకునే బాధ లేదు. నువ్వు ఊళ్ళోకి రాకముందే నేను దగ్గరుండి ఇప్పిస్తాను.

నక్షత్రం బొమ్మ ఉన్న కంపెనీ రాత్రిళ్ళు కరెంటు ఉచితం అంటుంది. పగలు మామూలు రేటుకి రెట్టింపు లాగుతుంది. ఇడ్లీ పిండి రుబ్బుకోవడానికి అర్ధరాత్రి లేచే ఓపిక నీకుంటే తీసుకో. గాలిమర బొమ్మ ఉన్నవాళ్ళది రేటు నిలకడగా ఉంటుంది, ఫోన్ చేస్తే మనిషి పలుకుతుంది. నా ఓటు దానికే.

కానీ ఏళ్ళ తరబడి కట్టుబడకు. నెలనెలా ప్లాన్ అని ఒకటుంటుంది. రేటు అటూ ఇటూ అవుతుంది గానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలించుకోవచ్చు. అది తీసుకో. కొత్త ఊరు. ఇక్కడ ఎండలు నీకు పడతాయో లేదో. మృదుల దగ్గరికి వెళ్ళాలనిపిస్తుందో ఏమో.

మా ఆయన బాగానే ఉన్నారు. డ్రైవింగ్ మానేశారు. క్రిస్మస్‌కి మావాడు అనూప్ చాండ్లర్ నుంచి విమానంలో వచ్చి వారం ఉన్నాడు. గరాజ్ అంతా సర్దిపెట్టి వెళ్ళాడు. పాపం పిల్లాడికి ఆ కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఊపిరాడని పని, అయినా వచ్చాడు.

పైలట్ మంట సంగతి ఇంకెన్నాళ్ళు దెప్పుతావు? మా ఇంట్లో కిరసనాయిలు స్టవ్ ఆర్పకుండా పడుకుంటే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. ఆ భయం సముద్రం దాటితే పోతుందా?

నీ ఉమ

———

జెర్సీ సిటీ
మార్చి 2013

ఒసే ఉమా,

కందిపప్పు కూడా పదేసి కిలోల బస్తా కొనేదానివి, నువ్వు నన్ను నెలనెలా కరెంటు కొనుక్కోమంటావా? నాకు ఎండలు పడవా? ఆగస్టులో ఈ ఇంటి మేడ మీద వడియాలు పెట్టింది ఎవరు? పావురాలొచ్చి సగం తినేస్తే మిగతా సగం కాపలా కాసింది ఎవరు? నువ్వు నీడలో కూర్చుని పాత వారపత్రికలు చదివావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గాలిమర కంపెనీ దాకా నువ్వే రాశావు. ఆ తర్వాతి మాటలు ఎవరో పక్కన కూర్చుని రాయించినట్టున్నాయి. ‘మృదుల దగ్గరికి వెళ్ళాలనిపిస్తుందో ఏమో’ అని నువ్వా అనేది? నేను రావడం నీకిష్టం లేదా? లేకపోతే లేదని చెప్పు. ఇల్లు చేజారినా నేను బతుకుతాను. నువ్వు మొహమాటపడితే మాత్రం భరించలేను.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. నీది ఏ ప్లాన్? ఎన్నాళ్ళది?

స్టవ్ సంగతి రాయడం మరిచాను. కరెంటు స్టవ్ ఉన్న ఇళ్ళు జయంతి చాలా చూపించింది. గాజు పలక మీద ఎర్రగా ఓ చుట్ట, మంట అన్నదే కనబడదు. దాని మీద పాలు పొంగిస్తే గృహప్రవేశమా, ల్యాబ్‌లో టెస్టా? మనం ఈ ఇంట్లో దిగిన రోజు నా స్టీలు గిన్నెలోనే ఇద్దరి పాలూ కలిపి పొంగించాం. రెండు సంసారాలు, ఒక గిన్నె. నీ పాలు ఎక్కువ పోశావని, నురగ నీ వైపే పొర్లిందని గొడవ పెట్టుకున్నాం. ఆ గిన్నె తెస్తున్నాను.

ఆదివారాలు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు?

దుర్గ

———

కాపెల్
మార్చి 2013

దుర్గా,

నా ప్లాన్ డిసెంబర్‌లో అయిపోయింది. ఇంకా కొత్తది తీసుకోలేదు. అయిపోతే దానంతట అదే నెలనెలా కిందికి మారిపోతుంది. అలాగే నడుస్తోంది. ప్రస్తుతానికి ఇబ్బంది లేదు.

నువ్వు రావడం నాకిష్టం లేకపోవడం ఏమిటి? అలాంటి మాటలు రాయకు.

గాలిమర కంపెనీ ఫోన్ నంబర్ వెనక రాశాను. ఏళ్ళ ప్లాన్ మధ్యలో మానేస్తే జరిమానా వేస్తారు. ఇల్లు అమ్మి వేరే ఊరు వెళ్తున్నట్టు చూపిస్తే మాత్రం వెయ్యరు. ఏదైనా ఆలోచించుకుని చెయ్యి.

ఈ మధ్య పనుల్లో ఫోన్ దగ్గర ఉండడం లేదు. అంతే.

ఉమ

———

జెర్సీ సిటీ
ఏప్రిల్ 2013

ఉమామహేశ్వరి గారికి,

నిన్న మధ్యాహ్నం మీ ఇంటికి ఫోన్ చేశాను. అన్నయ్యగారు ఎత్తారు. నేనండీ, దుర్గని అన్నాను. ఎంత మర్యాదగా మాట్లాడారో! "ఉమ కిందికి వెళ్ళిందండీ. దుర్గగారి వంటింట్లో ఉంది. మా స్టవ్ పాడైంది కదా, అక్కడే వండుతుంది. పిలవమంటారా?" అన్నారు.

మీ ఇంటికి మేడ లేదు, ఉమా. కింద అన్నదే లేదు.

"వద్దులెండి, వంట కానివ్వండి" అన్నాను. "అలాగేనండీ. ఇవాళ పప్పుచారు అనుకుంటాను, వాసన పైదాకా వస్తోంది" అన్నారు. ఫోన్ పెట్టేసి నా వంటింట్లోకి వెళ్ళాను. నువ్వు నిజంగా ఉన్నావేమోనని చూశాను. నవ్వకు.

నేను ఆసుపత్రిలో పనిచేసినదాన్ని. నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎన్నాళ్ళ నుంచి? నాకెందుకు చెప్పలేదు? శ్యామ్‌సుందర్ పోయినప్పుడు నెల రోజులు నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నదానివి. నీ కష్టం నా దాకా రానివ్వకపోవడానికి నేనేమైనా పరాయిదాన్నా? చాలా కోపంగా ఉంది. ఏడుపూ వస్తోంది.

జవాబు రాసేటప్పుడు కరెంటు గురించి ఒక్క మాట రాసినా చింపేస్తాను.

కనకదుర్గ

———

కాపెల్
ఏప్రిల్ 2013

దుర్గా,

గారు తీసెయ్యవే, తట్టుకోలేను.

రెండేళ్ళుగా ఉంది. మొదట తాళాలు మరిచిపోయేవారు. తర్వాత దారి. పోయిన ఏడాది గుడికి బయల్దేరి ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళిపోయారు. దీపావళికి నువ్వున్న నాలుగు రోజులూ ఎంత బాగున్నారో చూశావుగా. నాకే అనుమానం వచ్చింది, ఆయనకి ఏమీ లేదేమో, నేనే భయపడుతున్నానేమో అని. ఆ ధైర్యంతోనే నీకు ఆ ఇల్లు చూపించాను.

క్రిస్మస్‌కి అనూప్ వచ్చినప్పుడు కొడుకుని పట్టుకుని, "మీరు ఏ ఊరండీ?" అని అడిగారు. వాడు గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. సర్దడం కాదది. బయటికొచ్చి, "అమ్మా, నువ్వొక్కదానివే ఎలా హ్యాండిల్ చేస్తావ్? ఈ ఇల్లు సెల్ చేసేద్దాం. చాండ్లర్ వచ్చేయండి. మీ కరెంట్ ప్లాన్ రెన్యూ చేయకు, మంత్-టు-మంత్‌లో ఉంచు" అన్నాడు. ఆగస్టులో ఇల్లు అమ్మకానికి పెడదామని అనుకున్నాం. వాడి తప్పేమీ లేదు. నేనే సరేనన్నాను.

తర్వాత నెలలోనే నీ ఉత్తరం వచ్చింది. చెబితే నువ్వు రావు. చెప్పకపోతే మోసం. నువ్వొచ్చేసరికి ఏదో ఒకటి జరిగి మా ప్రయాణం ఆగిపోతుందని పిచ్చి ఆశ. అందుకే నిన్ను కట్టుబడొద్దన్నాను. నేను వెళ్ళిపోయిన ఊళ్ళో నువ్వు ఏళ్ళ తరబడి ఒక్కదానివే దీపం పెట్టుకుంటావని తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టలేదు.

దుర్గా, ఈ మధ్య ఆయన ఎప్పుడూ జెర్సీ సిటీలోనే ఉంటున్నారు. పొద్దున్నే ట్రెయిన్‌కి టైమైందని షూ వేసుకుంటారు. గుమ్మం దాకా వెళ్ళి మెట్లేవని అడుగుతారు. ఇది మన ఇల్లు కాదంటారు. వంటింట్లో మా కరెంటు స్టవ్ చూసి, "మంట లేదేమిటి, కిందే బాగుంది" అంటారు. నాకూ అక్కడే బాగుందని ఒకరోజు ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను.

ఇంకా టైముంది. కాగితాల మీద ఆఖరి సంతకం పెట్టలేదు కదా, జయంతికి చెప్పి ఆపించుకో. బోస్టన్ వెళ్ళు. నా మీద కోపం ఉంచుకో, ఫర్వాలేదు.

ఉమ

———

జెర్సీ సిటీ
మే 2013

ఉమా,

సంతకం పెట్టేశాను. నీ ఉత్తరం చదివాకే పెట్టాను.

నువ్వు ఆగస్టులో వెళ్ళినా ముందు మూడు నెలలు నీ వీధి పక్కన ఉంటాను. నువ్వు ఈ ఇల్లు ఖాళీ చేసి కారెక్కినప్పుడు, ఇంకో మూడు నెలలు ఉండనిస్తానని ఎవరైనా అని ఉంటే వాళ్ళ కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవరినీ అడక్కుండానే దొరుకుతుంటే వదులుకోవడానికి నాకేమైనా పిచ్చా? ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. చాండ్లర్‌లో కూడా నీ పక్కన ఇళ్ళుంటాయి.

గాలిమర కంపెనీకి ఫోన్ చేశాను. మూడేళ్ళ ప్లాన్ తీసుకున్నాను. నెలనెలా బతకడం నాకు చేతకాదు. కరెంటు మంగళవారం ఇప్పించనా అని అడిగిందా అమ్మాయి. గృహప్రవేశం బుధవారం తెల్లవారుజామున. అయినా మంగళవారం పూట కొత్త ఇంట్లో కొత్త దీపమా? బుధవారమే ఇమ్మన్నాను. "ఎనీ రీజన్, మేడమ్?" అంది. మంగళవారం మాకు మంచిది కాదన్నాను. "నాకూ కాదు మేడమ్, కాల్స్ ఎక్కువ" అంది. ఆ అమ్మాయి నచ్చింది నాకు.

ఇవాళ గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి ఇక్కడి కనెక్షన్ ఆపాడు. గ్యాస్ కట్టేసే ముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పి స్టవ్ మూత ఎత్తి చూశాను. నీలంగా, గింజంత ఉంది. ఇన్నేళ్ళలో నువ్వు ఊదినప్పుడు తప్ప అది ఆరలేదు. నేనే ఊదేశాను. అతను కంగారుగా చూశాడు. మా ఫ్రెండ్ అలవాటు, ఇది ఆమె తరఫున అన్నాను. అతను వెళ్ళాక చాలాసేపు వంటింట్లోనే ఉన్నాను.

అన్నయ్యగారికి చెప్పు. కింది వంటిల్లు అక్కడికే వస్తోందని.

నీ దుర్గ

———

కాపెల్
జూన్ 2013

దుర్గా,

రెండు వీధుల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుతావు. ఎదురుగా చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డొస్తావు. అందుకే రాసి నీ మెయిల్‌బాక్స్‌లో నేనే వేస్తున్నాను.

ముందు నీ గృహప్రవేశం సంగతి. మంగళవారం కొత్త దీపం వద్దన్నావు, నేనూ నిజమేనన్నాను. నీతో పాటు నాకూ బుద్ధి లేదు. బుధవారం ఇమ్మంటే, మన బుధవారం తెల్లవారుజామునే మొదలవుతుంది గానీ కంపెనీవాడి బుధవారం వాడు ఆఫీసు తెరిచాక మొదలవుతుందని ఇద్దరికీ తట్టలేదు. ముహూర్తానికి తలుపు తీస్తే ఇల్లంతా చీకటి. స్విచ్‌లన్నీ నొక్కాం, నీ గాలిమర అమ్మాయిని తిట్టాం. పురోహితుడు సెల్‌ఫోన్ వెలుగులో మంత్రాలు చదవడం చూసి, నీ గృహప్రవేశానికని వచ్చిన అనూప్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. గ్యాస్ ఉంది గానీ స్టవ్ అంటించే నిప్పురవ్వ టకటకమనడానికీ కరెంటే కావాలట. ఆఖరికి పూజ సంచీలోని అగ్గిపెట్టె అక్కరకొచ్చింది.

నువ్వు గిన్నె పెట్టి అగ్గిపుల్ల గీశావు. నీలం మంట లేచింది. ఆ వెలుగే ఇంట్లో వెలుగు. పాలు పొంగేదాకా అందరం దాని చుట్టూనే నిలబడ్డాం. నురగ ఈసారి నీ వైపు పొర్లింది. అప్పుడాయన నా చెయ్యి వదిలి నీ దగ్గరికొచ్చారు. నువ్వు మంట తగ్గించబోతున్నావు. "దుర్గగారూ, పైలట్ ఆర్పొద్దని మీరైనా ఉమకి చెప్పండి. మా మాట వినదు" అన్నారు. నీ పేరు పెట్టి పిలిచారు. నన్ను చూసి నవ్వారు. ఉమ అంటే నేనేనని తెలిసిన నవ్వు అది. నువ్వు కొంగుతో మొహం తుడుచుకుని, "పాలు తీసుకోండి అన్నయ్యగారూ" అన్నావు. నువ్వు చూడలేదు గానీ అనూప్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన సాయంత్రం కాగానే షూ వేసుకుంటున్నారు. ట్రెయిన్‌కి కాదు, ‘కిందికి’. నీ ఇంటికి దారి తప్పలేదు ఇంతవరకూ. నేను వెనకే నడుస్తున్నాననుకో. నీ వంటింట్లో కుర్చీలో కూర్చుంటే ఏ ఊరని అడగడం లేదు. ఆయనకి బాగైపోతుందని నేననుకోవడం లేదు. కానీ ఉన్నన్నాళ్ళు ఆయనకి తెలిసిన చోట ఉంటారు.

ఇవాళ పొద్దున అనూప్ ఫోన్ చేశాడు. "అమ్మా, చాండ్లర్‌లో నాన్నకి మళ్ళీ అంతా కొత్త కదా. వీక్‌డేస్ హెల్ప్‌కి ఒక మనిషిని పెడదాం. నేను మంత్లీ వస్తాను. నువ్వేమంటావ్?" అన్నాడు. ఈసారి నన్ను అడిగాడు. నేను చెప్పాను.

ఫోన్ పెట్టి నీ గాలిమర కంపెనీకి చేశాను. నీ అమ్మాయి కాదు, వేరే ఎవరో. ఎన్నాళ్ళ ప్లాన్ కావాలని అడిగింది. నా స్నేహితురాలు మే నెలలో తీసుకుంది, దానిది ఎప్పుడు అయిపోతుందో నాదీ అప్పుడే అయిపోవాలన్నాను. ఏ రోజు నుంచి మొదలుపెట్టమంటారంది. ఇవాళ్టి నుంచే అన్నాను. చెప్పాక గుర్తొచ్చింది, ఇవాళ మంగళవారం. ఉండనీ.

సాయంత్రం ఆరింటికి వస్తాం. పప్పుచారు పెట్టు. ఈ మాటు పోపు నేను వేస్తాను.

నీ ఉమ